చెట్ల మందు, చెప్పినవారి మాట

చెట్ల మందు గురించి, అంతకన్నా ముఖ్యంగా ఆ మందు తెలిసినవారి మాటకు మనం ఇస్తున్న విలువ గురించి ఈరోజు మాట్లాడతాను. ఆ చర్చకు హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్, శామీర్‌పేటలను మించిన చోటు తెలుగునాట దొరకడం కష్టం. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి 1997లో వచ్చింది. దాన్ని తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం మేడ్చల్ దగ్గరే ఉంది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళితే జీనోమ్ వ్యాలీ, అందులో కోవిడ్ టీకా కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ కనిపిస్తాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా శామీర్‌పేటలోనే ఉంది. ఈ సంస్థల ప్రహరీల అవతలి ఊళ్ళలో కామెర్లకు పసరు పోసేవారు, విరిగిన ఎముకకు కట్టు కట్టేవారు, బాలింతకు కషాయం కాచి ఇచ్చేవారు తరతరాలుగా బతికారు. మందును పరీక్షించే శాస్త్రం, హక్కును వివరించే చట్టం, మందు తెలిసిన మనిషి, మూడూ ఇక్కడ ఇరుగుపొరుగునే ఉన్నాయి. మూడూ సమానంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి మాత్రం మన సమాజంలో ఇంకా స్థిరపడలేదు.

ఆ మందు తెలిసిన మనుషులు ఎవరు? నల్లమల చెంచులు, ములుగు, భద్రాచలం కోయలు, ఆదిలాబాద్ గోండులు, కొలాములు మనకు వెంటనే గుర్తుకొస్తారు. అడవికి దూరంగా ఉన్న ఈ మెట్ట ప్రాంతంలోనూ ఆ విద్య ఉంది. మందులు సేకరించి ఊరూరా తిరిగి అమ్మడమే కులవృత్తిగా బతికిన మందులవారు, ఎరుకలవారు, తండాల్లోని లంబాడా పెద్దలు, పుండ్లు కోసి కట్టుకట్టిన మంగలివారు, పురుడు పోసిన మంత్రసానులు దాన్ని మోశారు. ఈ పేర్లలో ఒక్కటీ మన సమాజం పెద్దపీట వేసిన పేరు కాదు. గ్రంథం చదివినవారిని వైద్యశిరోమణి అన్నాం, చెట్టు చదివినవారిని నాటువైద్యులని పక్కన పెట్టాం. ఈ వైద్యాన్ని తక్కువగా చూడటంలో శాస్త్రీయ సందేహం కొంత ఉంది, కులం నేర్పిన చిన్నచూపు కూడా ఉంది. మొదటిది ఉండవలసినదే. రెండోది సందేహం వేషంలో మన మధ్య తిరుగుతోంది. ఈ రెంటినీ విడదీయకుండా ఈ విషయంలో న్యాయంగా ఆలోచించలేం.

నేను చెప్పదలచిన వాదం ఒక్కటే. ఇన్నాళ్ళూ జ్ఞానం ఒకే వైపు నడిచింది. ఊళ్ళ నుంచి, గూడేల నుంచి మొక్క పేరు వచ్చింది, ఏ రోగానికి వాడతారో వచ్చింది, ఎండబెట్టిన నమూనా వచ్చింది. అటువైపు తిరిగి వెళ్ళినది దాదాపు ఏమీ లేదు. చెప్పినవారి అనుమతి, పేరు, వాటా మాత్రమే కాదు, పరీక్షలో ఏం తేలిందన్న కబురు కూడా వారికి చేరలేదు. సంప్రదాయ వైద్యుల దృష్టిని గౌరవించడమంటే వారు చెప్పినదంతా నమ్మడమని కొందరు అనుకుంటారు, ఒక శాలువా కప్పి పంపడమని మరికొందరు అనుకుంటారు. రెండూ గౌరవం కావు. ప్రశ్నను వారితో కలిసి వేయడం, జవాబును మంచైనా చెడైనా వారి దగ్గరికి తీసుకెళ్ళడం, ఆ జవాబు మీద వారు చెప్పే మాటను లెక్కలోకి తీసుకోవడం, ఇదీ గౌరవం. తీసుకున్న చోటికి తిరిగి వెళ్ళని పరిశోధన నైతికంగా లోపమే కాదు, శాస్త్రంగా కూడా అసంపూర్ణమని ఆధారాలతో చూపడానికి ప్రయత్నిస్తాను.

ఈ నేలలోనే పెరిగే నేల ఉసిరితో మొదలుపెడదాం. వానలు పడగానే చెరువు గట్ల మీద, చేల గెట్ల మీద మొలిచే ఈ చిన్న మొక్కను తెలుగు పల్లెల్లో కామెర్లకు ఇస్తారు. పచ్చిగా నూరి, మజ్జిగలోనో పాలలోనో కలిపి, పరగడుపున పోసి, నూనె, కారం మానిపించి పత్యం పెడతారు. ఆధునిక పరిశోధన ఈ మొక్క మీద ఆసక్తి చూపింది. మద్రాసులో త్యాగరాజన్, హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బ్లంబర్గ్, వారి సహచరులు 1988లో లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. ఆ వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి ఎండబెట్టిన నేల ఉసిరి పొడిని గొట్టం మాత్రల్లో నింపి నెలరోజులు ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే. ప్రపంచం ఉలిక్కిపడింది. కానీ తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో అలాంటి ఫలితం రాలేదు. హెపటైటిస్-బి మీద ఈ మొక్క పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదన్న నిర్ణయానికే వైద్య లోకం వచ్చింది. ఆ వైరస్ నుంచి పిల్లలను కాపాడింది మేడ్చల్‌లో తయారైన టీకా వంటివే. ఈ నిజాన్ని దాచి నేల ఉసిరిని పొగిడితే అది గౌరవం కాదు, అబద్ధం.

అయితే ఆ పరీక్షలు అడిగిన ప్రశ్న ఏమిటో చూడండి. పల్లె వైద్యులు మందు ఇచ్చేది కళ్ళు పచ్చబడి, అన్నం సయించక, నీరసించి వచ్చిన మనిషికి. పరీక్షలో మందు తీసుకున్నది ఏళ్ళ తరబడి వైరస్‌ను మోస్తున్న మనిషి. రోగం వేరు, రోగి వేరు. మొక్క ఎండినది, పచ్చిది కాదు. పత్యం లెక్కలో లేదు. వైద్యులు ఎన్నడూ చేయని వాగ్దానాన్ని మనం వారి మొక్క చేత చేయించి, అది నెరవేరకపోతే సంప్రదాయం ఓడిపోయిందని తీర్పు చెప్పాం. దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అది బలమైనది కూడా. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పసరు పోసినా పోయకపోయినా రోగి కొన్ని వారాల్లో లేస్తాడు, ఆ కీర్తి పసరుకు దక్కుతుంది అంటారు. ఇది నిజం కావచ్చు. దీన్ని తేల్చే దారి ఒక్కటే: వైద్యులు ఇచ్చే పద్ధతిలో, వారు ఇచ్చే రోగులకే, పోల్చి చూడటం. ఆ పరీక్షలో పసరు ఓడిపోతే ఓడిపోయిందని వారికి చెప్పాలి. గెలిస్తే ఎంత గెలిచిందో చెప్పాలి. వైద్యుల దృష్టిని పక్కన పెట్టినందువల్ల మనం కోల్పోయింది సరిగ్గా అడగవలసిన ప్రశ్ననే.

కేరళలోని ఆరోగ్యపచ్చ కథ ఇదే విషయాన్ని మరో కోణంలో చెబుతుంది. 1987లో అగస్త్య కొండల్లో పరిశోధకులకు దారి చూపిన కాణి ఆదివాసీలు అలసట రాకుండా ఒక మొక్క కాయలు తింటుండటం పుష్పాంగదన్ బృందం గమనించింది. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ ఆ మొక్క ఆధారంగా జీవని అనే మందు తయారుచేసింది. దాని తయారీ హక్కును 1995లో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఇచ్చి, వచ్చినదాంట్లో సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించింది. అందుకోసం 1997లో కాణీల పేరిట ట్రస్టు ఏర్పడింది. లాభాన్ని పంచుకోవడంలో ప్రపంచానికి దారి చూపిన ఉదాహరణగా దీన్ని చెబుతారు, అందులో న్యాయం ఉంది. కానీ కాణీల వైద్యులైన ప్లాతుల్లో కొందరు తమ జ్ఞానాన్ని కంపెనీకి అమ్మడాన్ని వ్యతిరేకించారు. కాణీలు తిన్నది కాయను, కంపెనీకి కావలసింది ఆకును. ఆకు కోయడానికి అటవీశాఖ అభ్యంతరం చెప్పింది. డబ్బు పంచడానికి ముందే జరగవలసిన సంభాషణ ఒకటి ఉందని ఇది నేర్పుతుంది. సమాజంలో ఒకరిద్దరు చెప్పినంత మాత్రాన సమాజం ఒప్పుకున్నట్టు కాదు. ఆ విద్యకు ప్రత్యేకంగా బాధ్యత వహించేవారి మాట వేరుగా వినాలి. వద్దు అనే హక్కు ఉన్నప్పుడే సరే అన్న మాటకు విలువ.

చట్టం ఈ దిశలో కొంత నడిచింది. జీవవైవిధ్య ఒప్పందపు 11వ సదస్సు 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ రోజుల్లోనే, అక్టోబరు 9న, జన్యు వనరుల లాభాలను న్యాయంగా పంచుకోవాలన్న నగోయా ఒడంబడికను భారతదేశం ఆమోదించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఊరూరా జీవవైవిధ్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానంపై సామూహిక హక్కును అడవిలో బతికేవారికి గుర్తించింది. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి 1997లో రద్దు చేయించింది. ఆ అనుభవంతో 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలను పేటెంటు అధికారుల ముందు పెట్టింది. ఇవన్నీ మంచి పనులే. కానీ వీటన్నిటిలో కాపుదల దొరికింది ముఖ్యంగా రాసిపెట్టిన జ్ఞానానికి. 2023లో సవరించి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన జీవవైవిధ్య చట్టం గ్రంథస్థ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. ఒకే మొక్క గ్రంథంలోనూ ఉంటుంది, మందులవారి నోటిలోనూ ఉంటుంది. కంపెనీ నేర్చుకున్నది నోటి నుంచి అయినా, చూపించేది గ్రంథమే అవుతుంది. మేడ్చల్ వంటి మెట్ట ప్రాంతపు వైద్యులకైతే అటవీహక్కుల చట్టమూ వర్తించదు. అడవికి దూరంగా, గ్రంథానికి బయట ఉన్నవారు రెండు చట్టాల మధ్య సందులో మిగిలిపోయారు. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లను 2020 జనవరి 31 లోగా పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు లేకపోతే పని కదలదన్నది నిజమే. కానీ తరాల విద్యను నమ్మకంతో పంచుకోవడం గడువుకు లొంగే పని కాదు.

ఇప్పుడు అసలు అభ్యంతరం దగ్గరికి వస్తాను. చెట్ల మందు హాని చేస్తుంది కదా, దాన్ని గౌరవించమనడం ప్రాణాలతో ఆడుకోవడం కాదా అని ఆసుపత్రి వైద్యులు అడుగుతారు. ఆ భయం అర్థం లేనిది కాదు. గాడిదగడప ఆకును తెలుగునాట పుండ్లకు, కడుపులో పురుగులకు, విషపు కాట్లకు వాడారు. ఆ మొక్క అరిస్టోలోకియా జాతిది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మందు వాడిన మహిళల మూత్రపిండాలు పాడైపోయాయి. కారణం వెతికితే ఒక చైనా మూలికకు బదులు అదే జాతి మొక్క ఆ మందులో కలిసిందని తేలింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, ఏళ్ళ తర్వాత క్యాన్సర్ కూడా తెస్తుందని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. ఈ హాని పల్లె వైద్యుల అనుభవానికి అందేది కాదు. మందు తాగిన ఏడాదికో పదేళ్ళకో మూత్రపిండం చెడితే, ఆ రెంటికీ సంబంధం ఉందని ఏ పల్లె వైద్యుడూ గుర్తుపట్టలేడు. ఇక్కడ ప్రయోగశాల చూసేదాన్ని అనుభవం చూడలేదు. దీన్ని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. నా ప్రశ్న వేరు: ఈ సంగతి గాడిదగడప కోసే మనిషికి తెలుగులో, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పే బాధ్యతను ఏ సంస్థ తీసుకుంది? అతని నుంచి మొక్క పేరు రాసుకున్న పుస్తకాలున్నాయి, అతనికి ఈ హెచ్చరిక చేర్చే వ్యవస్థ లేదు. హాని గురించి నిజంగా బాధ ఉంటే మొదట కట్టవలసిన దారి అదే.

తిప్పతీగ అనుభవం దీనికి రెండో వైపు. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి పేరుతో దాన్ని ఇంటింటా రోజూ తాగారు. 2021లో ముంబయి వైద్యులు దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ప్రకటించారు. అదే పోలికల్లో ఉండే మరో తీగను పొరపడి వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వశాఖ వాదించింది. 2022లో హైదరాబాద్ వైద్యులు కూడా పాల్గొన్న అధ్యయనం 43 మంది రోగుల వివరాలతో ఆ ఆందోళన నిజమేనని చూపింది. ఆ మందు జనానికి చేరింది మొక్కను గుర్తుపట్టేవారి చేతి మీదుగా కాదు, ప్రకటనల మీదుగా. ఎవరికి, ఎన్నాళ్ళు, ఏ మోతాదులో అన్న షరతులన్నీ రాలిపోయి మొక్క పేరు ఒక్కటే మిగిలింది. పల్లె వైద్యుల చేతి మీదుగా వచ్చి ఉంటే హాని జరిగేదే కాదని నేను అనను. మొక్కను దాని షరతుల నుంచి విడదీసి సరుకుగా మార్చడం ప్రమాదాన్ని పెంచుతుందని మాత్రం ధైర్యంగా అంటాను. సంప్రదాయ వైద్యుల దృష్టిలో ముఖ్యమైన భాగం ఆ షరతులే.

అయినా అర్హత లేనివారు వైద్యం చేయవచ్చా అన్న ప్రశ్న మిగులుతుంది. పాము కాటుకు పసరు పోస్తూ గంటలు గడిపితే ప్రాణం పోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కాట్లకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందుకు ప్రత్యామ్నాయం లేదు. ఈ విషయంలో రాజీ ఉండకూడదు. పారంపర్య వైద్యులు నమోదైన అర్హత లేకుండా వైద్యం చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్‌లో కేరళ కేసులో చెప్పింది. ప్రజారోగ్యం దృష్ట్యా ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన అర్థమవుతుంది. కానీ నిషేధం ఒక్కటే విధానమైతే మంచి కట్టుకట్టేవాడు, మోసగాడు ఒకే చీకట్లోకి పోతారు, రోగికి వారిద్దరినీ వేరుచేసే గుర్తు ఉండదు. భారత నాణ్యతా మండలి సంప్రదాయ సామాజిక వైద్యుల కోసం స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం తెచ్చింది. ఎముకలు కట్టడం, కామెర్లు, కీళ్ళనొప్పులు, పురుడు వంటి ఒక్కొక్క విద్యలో వారి పనితనాన్ని చేతల్లోనే చూసి తేలుస్తారు. అది వైద్యం చేసే లైసెన్సు కాదు, కానీ దాని వెనుక ఉన్న సూత్రం సరైనది. మనిషి తెలివిని అతని భాషలో, అతని పనిలో కొలవడం, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో అతనితోనే చెప్పించడం. హద్దు తెలిసిన వైద్యుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడవుతాడు.

జ్ఞానం అందరిదీ, దానికి వాటాలెందుకు, పైగా చాలామంది తమ మందును రహస్యంగా దాచుకుంటారు కదా అని కూడా అంటారు. జ్ఞానం అందరిదీ అన్న మాట వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కానీ ఆ అందరి జ్ఞానం ప్రయోగశాలలో అడుగుపెట్టగానే పేటెంటు సంఖ్యతో ఒకరి ఆస్తిగా బయటికి వస్తుంది. ఉచితం అన్న నియమం పేదవాడి దగ్గర మొదలై పేదవాడి దగ్గరే ఆగిపోతే అది నియమం కాదు. రహస్యం విషయానికొస్తే, ఇంకే రక్షణా లేనివారికి రహస్యం ఒక్కటే రక్షణ. అనుమతి, పేరు, వాటా చట్టబద్ధంగా దొరికిననాడు దాచవలసిన అవసరం చాలావరకు పోతుంది. రహస్యంగా ఉన్న మందును పరీక్షించలేం కాబట్టి, హక్కు ఇవ్వడం శాస్త్రానికి కూడా మేలే. 2024 మే 24న ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో కుదిరిన ఒప్పందం, పేటెంటు కోరేవారు జన్యు వనరును, దానితో ముడిపడ్డ సంప్రదాయ జ్ఞానాన్ని ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలంటోంది. ప్రపంచం ఆ వైపు కదులుతోంది.

ఋజువు లేకుండా గౌరవమేమిటన్నది చివరి అభ్యంతరం. 2021ని గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది జనవరి 3న కోవాగ్జిన్‌కు పరిమిత అత్యవసర అనుమతి వచ్చేనాటికి మూడోదశ ఫలితాలు రాలేదు. శాస్త్రవేత్తలే ప్రశ్నించారు. తర్వాత 25,800 మందితో జరిగిన ప్రయోగం ఫలితాలు ఆ నవంబరులో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఆనందయ్య ఇస్తున్న చెట్ల మందు కోసం వేలమంది గుమిగూడారు. పంపిణీ ఆగింది, కొన్ని రోజుల్లో ఒక నివేదిక వచ్చింది. కోవిడ్‌ను తగ్గిస్తుందన్న ఆధారం లేదు, హాని కూడా కనిపించలేదు అన్నారు. కంటి చుక్కలను మినహాయించి కొన్ని మందులకు మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఈ రెండు మందులూ సమానమని నేను అనడం లేదు, కావు. ఒకదానికి ఋజువు చూపించే దారి ఉంది: ప్రయోగశాల, నిధులు, నైతిక కమిటీ, వేల మంది వాలంటీర్లు, పత్రిక. రెండోదానికి జనం గుంపు, పోలీసు కాపలా, టీవీ చర్చ మాత్రమే ఉన్నాయి. ఋజువు అడగడం న్యాయం. ఋజువుకు దారి వేయకుండా ఋజువు లేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. దారి ఉంటే పనిచేయని మందు త్వరగా పక్కకు పోతుంది, జనమూ మోసపోరు.

ఇక నేల సంగతి. తంగేడు, ఉత్తరేణి, నల్లేరు, వావిలి, పల్లేరు, తుత్తురుబెండ, దూసరతీగ ఈ మెట్ట నేలల మొక్కలు. గుంటగలగర చెరువు తడిని వెతుక్కుని పెరుగుతుంది. ఇవి పెరిగేచోట్లను రికార్డుల్లో బంజరు, గుట్ట, పోరంబోకు అని రాశాం. ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా వచ్చాక వాటికి ప్లాట్ల విలువ వచ్చింది, మొక్కల విలువ మాత్రం ఏ పత్రంలోనూ ఎక్కలేదు. మొక్క కనిపించని చోట దాన్ని గుర్తుపట్టడం పిల్లలకు నేర్పలేరు. చెరువు గట్టు, గుట్ట వాలు, శ్మశానపు అంచు పోతే వైద్యుని విద్య ఒక తరంలో పోతుంది. తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న మనం తంగేడు పొదను బంజరుగా రాసుకోవడం తగదు.

చేయవలసింది మన చేతికందే దూరంలోనే ఉంది. నల్సార్ వంటి న్యాయ విద్యాలయం ఈ ఊళ్ళ వైద్యుల కోసం తెలుగులో అనుమతి పత్రాలు రాసిపెట్టగలదు, జీవవైవిధ్య కమిటీలకు చట్టం చదివి చెప్పగలదు. జీనోమ్ వ్యాలీలోని ప్రయోగశాలలు ఏటా కొన్ని మందులను, వైద్యులు ఇచ్చే పద్ధతిలోనే, వారిని భాగస్వాములుగా పెట్టుకుని పరీక్షించగలవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు నెలకొకసారి పల్లె వైద్యులతో కూర్చుని ఏ రోగిని వెంటనే పంపాలో మాట్లాడుకోగలరు. పంచాయతీలు, మున్సిపాలిటీలు మందుమొక్కల నేలను పేరుపెట్టి కాపాడగలవు. ఇందులో మొదట చేయవలసింది, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది ఒకటుంది. ఇప్పటికే మనకు తెలిసినదాన్ని, గాడిదగడప హానితో సహా, మందు తెలిసినవారికి తిరిగి చెప్పడం. వారి నుంచి వందేళ్ళుగా సమాచారం తీసుకున్న విద్యావ్యవస్థ ఆ మాత్రం బాకీ తీర్చాలి. అప్పుడే వారు మనకు చెప్పే తర్వాతి మాటను అడిగే అర్హత మనకు ఉంటుంది.